వరసలో నిలబడ్డ సంచి

టూరిస్టు అనే మనిషిని నేను నలభై ఏళ్లపాటు కింద నుంచి పైకి చూశాను. వాడు ఓడ మీద, నేను జెట్టీ మీద. మా ద్వీపంలో, హాడో రేవులో, వచ్చిన ఓడకి తాళ్లు కట్టడం, పోయే ఓడకి తాళ్లు విప్పడం నా ఉద్యోగం. నిచ్చెన దిగగానే టూరిస్టు చేసే మొదటి పని జేబులు తడుముకోవడం. ఆ తర్వాత పొట్ట మీద కట్టుకున్న చిన్న సంచి జిప్పు లాగి చూసుకుంటాడు. అదీ అయ్యాక ఎదురుగా కనబడ్డ నన్ను పట్టుకుని, "భయ్యా, యహా సబ్ సేఫ్ హై నా?" అని అడుగుతాడు. నన్నే అడుగుతాడు! చేతిలో నా తొడంత లావు తాడు పట్టుకుని, వాడి ఓడని కదలకుండా ఆపుతున్నవాణ్ణి!

ఒకసారి ఒకాయన తన సూట్‌కేసుని గొలుసుతో ఓడ బెంచీకి కట్టి, తాళంచెవి నీళ్లలో పడేసుకున్నాడు. ఆ గొలుసు కోసేసరికి మాకు తాతలు దిగివచ్చారు. "చుట్టూ సముద్రం పెట్టుకుని నీ పెట్టె ఎత్తుకుని ఎక్కడికి పోతారయ్యా?" అన్నాను. ఆయన నన్ను దొంగని చూసినట్టు చూశాడు. ఆయన చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. పసుపు. దాని మీద కొబ్బరిచెట్లు. నాకు అన్నీ గుర్తుంటాయి. అదొక జబ్బు అంటుంది మా ఆవిడ. ఎవరు ఎప్పుడు ఏమన్నారో మర్చిపోతే మనిషికి కోపం ఎలా వస్తుంది మరి?

ఇంత చూసిన నేను, డెబ్బై దాటాక, టూరిస్టునయ్యాను. అందుకు కారణం ఒక పుస్తకం.

అది మా అత్తగారి పాటల పుస్తకం. మా సంఘంలో ఆదివారం పాడుకునే తెలుగు పాటలన్నీ అందులో ఉంటాయి. నేను బడికి వెళ్లింది ఐదో క్లాసు దాకా, అదీ హిందీలో. ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో హిందీ, రేవులో ఇంగ్లీషు ముక్కలు. తెలుగు అక్షరం ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలీదు. గుడిలో అందరూ పుస్తకం చూసి పాడుతుంటే నేను ఊరికే నోరు కదిపేవాణ్ణి. ఒక ఆదివారం వెనక వరసలోని ఒక పెద్దావిడ నా చొక్కా పట్టుకుని ఆపింది. "పాట ఒక దారి, నీ నోరు ఒక దారి. రేపు సాయంత్రం మా ఇంటికి రా" అంది.

అలా షాదీపూర్ పేటలో ఆవిడ వరండాలో, ఆ పుస్తకం మీదే, రేవు డ్యూటీ దిగాక రోజూ గంటసేపు అక్షరాలు దిద్దాను. నేను ఒత్తు పలకలేక తన్నుకుంటుంటే లోపల నుంచి ఆవిడ కూతురు నవ్వేది. ఆ నవ్వు ఆపిద్దామనే పట్టుదలతో నేర్చుకున్నాను. నవ్వు ఆగలేదు గానీ పెళ్లయింది. ఆ తర్వాత చేతికి అందిన ప్రతి తెలుగు కాగితం చదివాను. ఓడలో ఎవరైనా వదిలేసిన పత్రిక, పప్పు పొట్లం కట్టిన కాగితం, పంచాంగం, ఎరువుల డబ్బా. నాకు గురువూ బడీ ఆ ఒక్క పుస్తకమే.

దాని చివర్న ఖాళీ పేజీల్లో మా అత్తగారు పెన్సిలుతో ఇంటి సంగతులు రాసుకునేది. ఎవరు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం అయింది, ఏ తుఫానుకి ఏ రేకు ఎగిరిపోయింది. అందులో నా గురించి కూడా ఒక మాట ఉంది. అది తర్వాత చెప్తాను.

ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే మా ద్వీపంలో కాగితం బతకడం కష్టం. పుస్తకం దారాలు తెగాయి. పురుగు కొరికింది. పెన్సిలు రాతలున్న చివరి కట్ట పాలపన్నులా ఊగుతోంది. మా ఊళ్లో బైండింగ్ అంటే ఆఫీసు ఫైలుకి బంక పూయడం వరకే. హైదరాబాదు పాతబస్తీలో, ఒక పెద్ద మ్యూజియం వెనక సందులో, ముసలి పుస్తకాలకి ప్రాణం పోసే మనిషి ఉన్నాడని మా పాస్టర్‌గారు చెప్పారు. పోస్టులో పంపుదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"మా అమ్మ చేతిరాత పోస్టులో పారేస్తానంటారేటి? మనమే పట్టుకెళ్దాం. ఆ వంకన నేనూ ఓ పెద్ద ఊరు సూసినట్టుంటాది."

ఇక్కడే మా మనవరాలు తలదూర్చింది. ఆ పిల్ల ఒక టూరు ఆఫీసులో పని చేస్తుంది. ద్వీపానికి వచ్చే టూరిస్టులకి ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో కాగితం రాసి ఇవ్వడమే దాని పని. అలాంటిదే మాకూ ఒకటి తయారుచేసింది. పద్నాలుగు సూచనలు. తీసి చూస్తే తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో!

"ఇదేంటి?" అన్నాను.

"తాతా, నాకు తెలుగు రాయడం రాదు కదా. హిందీలో రాసివ్వనా?"

"వద్దు. తెలుగుని తెలుగు అక్షరాల్లో రాస్తేనే చదువుతాను."

"పోనీ, నేను చదువుతా, నువ్వు విను. ఫస్ట్ వాలా చాలా ఇంపార్టెంట్..."

"నలభై ఏళ్లు టూరిస్టుల్ని దించినవాణ్ణి. నాకు నువ్వు చెప్తావా?"

"నువ్వు దించావు తాతా, దిగలేదు!" అంటూ కాగితం మడిచి నా చొక్కా జేబులో కుక్కింది. "కుఛ్ భీ గడ్‌బడ్ హువా నా, నానమ్మని ఇంకెప్పుడూ నీతో పంపను. బస్."

ఆ కాగితం నా జేబులోనే విమానం ఎక్కింది, నా జేబులోనే దిగింది. నేను చదవలేదు. చదవనని చెప్పానుగా.

మొదటి రోజు సాయంత్రం లాడ్జి నుంచి పెద్ద రోడ్డు దాకా నడిచి, ఆటో ఎక్కి ట్యాంక్‌బండ్ చూడ్డానికి వెళ్లాం. ఆటో అతను, ఎక్కడ దిగారు పెద్దాయనా అని మాటవరసకి అడిగాడు. లాడ్జి పేరు, ఏ అంతస్తు, గది నంబరు, తలుపు గడియ సరిగ్గా పడటం లేదన్న సంగతి, అన్నీ చెప్పాను. మా దగ్గర ఇల్లెక్కడని అడిగితే దాచిపెట్టడం మర్యాద కాదు. అతను బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు.

"పెద్దాయనా, రూమ్ నంబర్ గిట్ల అందరికీ చెప్తరా? నాకెందుకు చెప్పిన్రు అసలు?"

"నువ్వు అడిగావుగా బాబూ."

"అడిగితే చెప్తరా! ఇంగ ఎవరన్న అడిగితే, చుట్టాలింట్ల ఉన్నమని చెప్పండి." మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, జర జూస్కో ఆయన్ని" అన్నాడు.

మా ఆవిడకి అతను ఎంత నచ్చాడంటే, దిగేటప్పుడు వందనాలు చెప్పి, మర్నాడు పొద్దున్న మమ్మల్ని మ్యూజియంకి తీసుకెళ్లడానికి కూడా అతన్నే రమ్మంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అబద్ధం చెబితే క్షేమం, నిజం చెబితే ప్రమాదం! ఇదేం ఊరు?

మర్నాడు మ్యూజియం చూసి, వెనక సందులో పుస్తకం అప్పజెప్పి, మధ్యాహ్నం మా ఆవిడ పిన్ని కూతురింట్లో భోజనానికి వెళ్లాలని ఏర్పాటు. కాబట్టి ఒక్క సంచిలోనే అన్నీ సర్దింది మా ఆవిడ. అడుగున ఆ చెల్లెలి కోసం ఎండు నెత్తళ్లు, మూడు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి. పైన దుప్పటి ముక్కలో చుట్టిన పుస్తకం. సంచి నా రేవు రోజులది. ఖాకీ గుడ్డ, ఎక్కడ పడితే అక్కడ కుట్లు.

తొమ్మిదిన్నరకి మ్యూజియం దగ్గర దిగాం. టికెట్టు కిటికీ ఇంకా తెరవలేదు. అప్పటికే వరస గేటు దాటి రోడ్డు దాకా వచ్చింది. ఎండ. మా ఆవిడ మోకాళ్లు పట్టుకుంటోంది. రోడ్డుకి అవతల చెట్టు నీడన టీ బండి ఉంది. అప్పుడు నేను, మా ఊళ్లో ఎవరైనా చేసే పనే చేశాను. సంచిని వరసలో, నా ముందున్నాయన కాళ్ల వెనక, తిన్నగా నిలబెట్టాను. మా ఆవిణ్ణి తీసుకుని టీకి వెళ్లాను.

ఇది చదివేవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వే ముందు మా పద్ధతి వినండి. మా దగ్గర ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయే ఓడ టికెట్టుకి, తెల్లారకముందే వరస కడతారు. వరసలో మనుషులు ఉండరు. గొడుగులు ఉంటాయి, చెప్పులు ఉంటాయి, సుద్దతో గుర్తు పెట్టిన రాళ్లు ఉంటాయి, సంచులు ఉంటాయి. మనుషులు అవతల టీ తాగుతూ, గవర్నమెంటుని తిడుతూ ఉంటారు. కిటికీ తెరవగానే ఎవరి వస్తువు వెనక్కి వాళ్లు వచ్చి నిలబడతారు. ఒకసారి నా ముందు ఒక బొప్పాయి పండు నిలబడింది. దానికి ఎండ తగులుతోందని నేనే తీసి నీడలో పెట్టాను. కిటికీ తెరిచే వేళకి మళ్లీ తెచ్చి దాని చోట్లో దాన్ని పెట్టాను. ఆ పండు తాలూకు మనిషి వచ్చి, "షుక్రియా భయ్యా" అని, టికెట్టు తీసుకుని, పండు పట్టుకుని వెళ్లిపోయాడు. అతనెవరో నాకు ఇప్పటికీ తెలీదు. పండు మాత్రం బాగా గుర్తుంది. మా దగ్గర వరసలో సంచి ఉందంటే మనిషి ఉన్నట్టు. సంచిని జరపడమంటే మనిషిని తోసెయ్యడమే.

టీ మంచిగా ఉంది. మా ఆవిడ రెండోది కూడా తాగింది. గ్లాసు కింద పెట్టి తిరిగి చూసేసరికి వరస లేదు.

వరస మొత్తం గేటు పక్కకి, గోడ వారకి వెళ్లిపోయింది. రోడ్డు మీద పెద్ద గుండ్రటి ఖాళీ. ఆ ఖాళీ నడిమధ్యన, ఒక్కతే, మా సంచి. గేటు కాపలా అతను ఈల ఊదుతూ జనాన్ని వెనక్కి నెడుతున్నాడు. ఇద్దరు పోలీసులు తాడు కడుతున్నారు. ఆ తాడు కట్టిన తీరు చూసి నాకు ముందు అదే కోపం వచ్చింది. అలాంటి ముడి ఒక్క గాలికి ఊడిపోతుంది.

"ఎవరో బ్యాగు పెట్టి పారిపోయిన్రంట" అన్నాడు టీ బండి అతను.

"పారిపోలేదు. టీ తాగుతున్నాను" అన్నాను.

అతను నా చేతిలోని గ్లాసు చటుక్కున లాగేసుకున్నాడు.

జనంలో ఎవరో తెలిసినవాడిలా చెప్తున్నాడు. "ముట్టుకోరు. దూరం నుంచి నీళ్లు జోరుగ కొడ్తరు. లోపల ఏమున్నా ఖతమ్."

నీళ్లు అన్న మాట మా ఆవిడ చెవిన పడింది. డెబ్బై ఏళ్ల వానల నుంచి, తుఫాన్ల నుంచి కాపాడుకొచ్చిన పుస్తకం అది. పెద్ద అలలు ఊరి మీదకి వచ్చిన రోజున మేం ఇంట్లోంచి పట్టుకుని పరుగెత్తిన రెండు వస్తువుల్లో ఒకటి. రెండోది మా మనవరాలి తండ్రి, అప్పటికి ముప్ఫై ఏళ్లవాడు, నిద్ర లేవనివాడు. పొడిలా రాలే ఆ కాగితం మీద ఒక్క చెంబుడు నీళ్లు పడితే చాలు, పెన్సిలు రాత కాదు కదా, పాట ఒక్కటి మిగలదు. మోకాళ్ల నొప్పి ఏమయిందో మరి, మా ఆవిడ రోడ్డు దాటేసింది. తాడు కింద నుంచి దూరేసింది.

"నీళ్లు కొట్టకండి బాబూ! మీకు దణ్ణం పెడతాను! అందులో మా అమ్మ ఉంది!"

అప్పటిదాకా గుసగుసలాడుతున్న జనం ఒక్కసారిగా ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశారు. 

ఒక పోలీసమ్మాయి వచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. భుజం మీద రెండు నక్షత్రాలున్నాయి, మా మనవరాలి వయసు ఉంటుంది. నేను వెనకాలే పరుగెత్తి చేరాను. "అమ్మ కాదమ్మా, అమ్మ పుస్తకం" అన్నాను రొప్పుతూ.

"గీ బ్యాగ్ మీదేనా?"

"మాదే."

"ఇడిసిపెట్టి యాడికి పోయిన్రు?"

"విడిచిపెట్టలేదమ్మా. నిలబెట్టాను. వరసలో."

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను బొప్పాయి పండు సంగతి మొదలుపెట్టాను. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

ఇంతలో జీపులోంచి కుక్క దిగింది. నల్లటిది, చక్కటిది. దాన్ని చూస్తే నాకే సలాం కొట్టాలనిపించింది. దాన్ని తెచ్చిన జవాను తాడు వదులు చేశాడు. అది నేల వాసన చూసుకుంటూ ఖాళీ దాటి సంచి దగ్గరికి వెళ్లింది. ఒక చుట్టు తిరిగింది. ముక్కు సంచికి ఆనించింది.  మూడు కవర్లున్నా నెత్తళ్ల వాసన నెత్తళ్లదే. కుక్క తల పైకెత్తి మమ్మల్ని చూసి, తోక ఊపడం మొదలుపెట్టింది. ఆపకుండా ఊపింది. ఒళ్లంతా ఊగేలా ఊపింది.

"ఇట్ల చెయ్యడం దానికి మేం నేర్పలే మేడమ్" అన్నాడు జవాను, సిగ్గుపడుతూ.

"ఏమున్నది లోపల?" అంది పోలీసమ్మాయి.

"అడుగున ఎండు చేపలు. పైన పాటల పుస్తకం. అంతే తల్లీ, ప్రభువు తోడు" అంది మా ఆవిడ.

కుక్కకి అభ్యంతరం లేదని తేల్చుకున్నాక జవానే సంచి తెరిచాడు. దుప్పటి ముక్క విప్పి, పుస్తకాన్ని రెండు చేతులతో పైకి తీశాడు. చివరి కట్ట వేలాడింది. మా ఆవిడ కళ్లు మూసుకుంది. పోలీసమ్మాయి అది గమనించిందనుకుంటాను, వెంటనే అరచెయ్యి కింద పట్టి ఆ కట్టని ఆపింది.

"మీదేనని నాకెట్ల తెల్వాలె? లోపల ఏమున్నదో చెప్పండి."

"ఏ పేజీ కావాలి?" అన్నాను. కోపంగానే అన్నాను. నా బడిని నాదని రుజువు చెయ్యమంటే కోపం రాదా?

"ఆఖరి పేజీ."

చెప్పాను. చూడక్కర్లేదు నాకు. మా అత్తగారి పెద్దబ్బాయి పుట్టిన వాన రోజు, వంటింటి రేకు పక్కవాళ్ల కొబ్బరిచెట్టు మీద దొరకడం, మా ఆవిడ బాప్తిస్మం, అన్నీ వరసగా అప్పజెప్పాను. ఆ అమ్మాయి పెన్సిలు రాత మీద వేలు జరుపుకుంటూ నాతోపాటు పెదాలు కదిపింది. చివరికి వచ్చాను. "రేవులో పనిచేసే అబ్బాయి ఈ రోజు మొదటి పాట చదివాడు. దేవునికి స్తోత్రం" అని ముగించాను.

ఆ అమ్మాయి వేలు ఆగింది. తల ఎత్తింది.

"ఇంకో ముక్క ఉన్నది కదా. అది చెప్పలే?"

నేను కుక్క వైపు తిరిగాను.

ఆమె గట్టిగా చదివింది. "మూడు చోట్ల తప్పాడు. అడిగితే పుస్తకానిదే తప్పు అన్నాడు. కోపం ఎక్కువ. పిల్లని ఇవ్వాలా వద్దా, ప్రార్థన చేయాలి."

మా ఆవిడ నవ్వింది. యాభై ఏళ్ల కిందట లోపలి గదిలోంచి వినిపించిన అదే నవ్వు. జనం నవ్వారు. జవాను నవ్వాడు. కుక్క ఇంకా తోక ఊపుతూనే ఉంది. ఎవరెవరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయో అప్పుడు చూశాను.

పోలీసమ్మాయి పుస్తకం మా ఆవిడ చేతుల్లో పెట్టి, నన్ను పక్కకి తీసుకెళ్లి బాగా తిట్టింది. నాలుగు బండ్లు, పదిమంది పోలీసులు, రెండు వందలమంది జనం, అందరూ నా టీ కోసం ఆగిపోయారంది. నిజమే, ఆ లెక్కన నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా దగ్గర సంచి ఒంటరిగా కనబడితే జాలిపడతారు. ఇక్కడ భయపడతారు. ఎన్ని చూసి నేర్చుకున్నారో ఆ భయం, పాపం. అప్పుడు మాత్రం ఆ మాట నేను పైకి అనలేదు. "ఇంటికాడ ఎవరూ చెప్పలేదా మీకు?" అని అడిగితే, తప్పక, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది చదివింది.

"తాతా, సంచి వదిలి టీకి వెళ్లొద్దు. అక్కడ సంచి మనిషి కాదు."

ఆ అమ్మాయి కాగితం మడిచి మళ్లీ నా జేబులో పెట్టింది. "తెలివిగల పిల్ల" అంది.  నాకు అదే ఎక్కువ తగిలింది.

మ్యూజియం చూసే ముఖం లేక నేరుగా వెనక సందుకి పోయాం. చిన్న దుకాణం, రెండు మంచాలంత. లోపల నా వయసే ఉన్న సాయిబు, కళ్లద్దాలు దారంతో కట్టుకుని, చాప మీద కూర్చున్నాడు. హిందీలో మాట కలిసింది. పుస్తకం తీసుకుని, ముందు వాసన చూశాడు.

"ఏం వాసన ఇది, భాయ్?"

"సముద్రం" అన్నాను.

"సముద్రంలో చచ్చిన చేప" అన్నాడు. ఆకు తిప్పి, వెన్ను తడిమి, చివరి కట్టని వేలితో ఊపి చూశాడు. "బతుకుతుంది. నాలుగు రోజులు. వదిలి వెళ్లండి."

వదిలి వెళ్లండి! ఆ పొద్దున్న జరిగిందంతా అయ్యాక!

"వదలను" అన్నాను.

"మరి నేను ఎలా కుట్టాలి?"

"నువ్వు కుట్టు. నేను ఇక్కడే కూర్చుంటాను."

మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. సాయిబు ఏమీ అనుకోలేదు. గోడ వారనున్న స్టూలు కాలితో నా వైపు నెట్టాడు. అంతే. నెత్తళ్ల పొట్లం పట్టుకుని మా ఆవిడ ఒక్కతే ఆటోలో చెల్లెలింటికి పోయింది. సాయంత్రం ఫోనులో మనవరాలు. వీడియో మాకంటే ముందు ఇల్లు చేరింది.

"తాతా, తుమ్ తో మా ఆఫీసు గ్రూపులోకి వచ్చేశావు! ఇక నుంచి టూరిస్టులకి ఇదే చూపిస్తామంటున్నారు మా సార్. కుక్క చాలా బాగుంది."

నేను ఫోను మా ఆవిడ చేతికిచ్చేశాను.

అలా మూడు రోజులు. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి చార్మినార్ ఎక్కారు, కోట చూశారు, మెట్రోలో ఈ చివర నుంచి ఆ చివరకి ఊరికే పోయొచ్చారు. సాయంత్రాలు చేతులనిండా గాజులతో వచ్చి మా ఆవిడ నాకు ఊరంతా చెప్పేది. నేను చూసిన హైదరాబాదు మాత్రం ఆ సందు ఒక్కటే. సాయిబు పాత దారాలు ఒక్కొక్కటీ చిన్న పట్టకారుతో లాగాడు. కట్టల వెన్నుకి ఉల్లిపొరలాంటి కాగితం అంటించాడు. ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కొత్తగా కుట్టేటప్పుడు ఆయన వేసే ముడి చూశాను. మొదటిసారిగా ఆ ఊళ్లో ఒక ముడి నాకు నచ్చింది. అదే చెప్పాను. నేను ఓడలకి వేసే ముడి తాడు ముక్కతో వేసి చూపిస్తే, ఆయన రెండుసార్లు విప్పి, మూడోసారి తనే వేశాడు.

నాలుగో రోజు వచ్చింది. అట్ట అంటించి బరువు కింద పెట్టాడు. అన్ని రోజులూ దుకాణంలోనే నమాజు చేసుకున్నవాడు, ఆ మధ్యాహ్నం బాంగు వినబడగానే లేచి, టోపీ పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు.

"మసీదుకి పోయొస్తాను. గంట పడుతుంది. దుకాణం చూస్తూ ఉండు."

నేను చుట్టూ చూశాను. ఎవరెవరి తాతల పుస్తకాలో, గుడ్డల్లో చుట్టి, అటకల నిండా ఉన్నాయి. తలుపు లేదు, రేకు షట్టరు ఒక్కటే, అదీ పైకెత్తి ఉంది.

"నేనెవరో నీకు తెలుసా? ఇంత పెద్ద ఊళ్లో, ఇలా వదిలేస్తావా?"

ఆయన నవ్వాడు. "ఒక్క పుస్తకం కోసం నాలుగు రోజులు స్టూలు దిగనివాడివి. దుకాణం వదిలి ఎక్కడికి పోతావు?"

వెళ్లిపోయాడు. నేను స్టూలు మీద నుంచి లేచి గుమ్మంలో నిలబడ్డాను. ఆ గంటసేపు హాడో రేవులో కూడా ఎప్పుడూ నిలబడనంత తిన్నగా నిలబడ్డాను. ఒకతను చినిగిన పుస్తకం పట్టుకుని వచ్చి లోపలికి అడుగు పెట్టబోతే, "ఠహరో!" అని జెట్టీ మీద అరిచినట్టు అరిచాను. అతను చేతిలో పుస్తకం కిందపడేసుకుని మరీ ఆగాడు.

సాయిబు తిరిగొచ్చేసరికి మా ఆవిడ కూడా వచ్చింది, ఇక ఇక్కడే ఉండిపోతారా, రేపు విమానం ఎక్కుతారా అని అడగడానికి. పుస్తకం ఇంకా బరువు కిందే ఉంది. సాయంత్రం దాకా తియ్యకూడదట.

నేను సంచి తీసుకున్నాను. "పద, మ్యూజియం చూసొద్దాం."

మా ఆవిడ బరువు వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మ పుస్తకమో?"

"ఉంటుంది. ఆయన ఉన్నాడుగా."

యాభై ఏళ్లలో నా మీద ఆవిడ ఎప్పుడూ అంత అనుమానంగా చూడలేదు. కానీ నడిచింది.

వరస మళ్లీ గేటు దాటి ఉంది. గేటు కాపలా అతను నన్ను గుర్తుపట్టి, ఈల నోట్లో పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. నేను ఖాళీ సంచిని పొట్ట మీదకి తెచ్చుకుని, రెండు చేతులతో పట్టుకుని, అచ్చం పెట్టెకి గొలుసేసిన ఆ పసుపు చొక్కా ఆయనలా నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. నా ముందున్న ఒక పెద్దావిడ ఇటు తిరిగి, చేతిలోని బుట్ట కింద పెట్టబోయింది.

"అన్నయ్యగారూ, నీళ్లు తాగొస్తాను, కాస్త నా చోటు చూస్తారా?"

"చూస్తానమ్మా, ఎవరినీ రానివ్వను" అన్నాను. "నువ్వు నింపాదిగా వెళ్లిరా. బుట్ట మాత్రం తీసుకుపో."

మా ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.